దేవునికి కృతజ్ఞత, మనలోని గర్వం: విశ్వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లు, పిల్లలకు మంచి ఉద్యోగాలు వచ్చినవాళ్లు, సంఘంలో బాధ్యతలు చూసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. ఎవరు ఎలా అడిగినా అసలు సంగతి ఒక్కటే. దేవుడిచ్చిన మేలును సంతోషంగా అనుభవిస్తూనే, అది తలకెక్కకుండా చూసుకోవడం ఎలా? బైబిలులో ఉన్నదాన్ని, మన సంఘాల్లో రోజూ కనబడేదాన్ని కలిపి జవాబులు రాశాను.

రోజూ స్తోత్రం చెబుతూనే ఉన్నాం. అలాంటప్పుడు గర్వం ఎలా వస్తుంది?

జాగ్రత్తగా లేకపోతే ఆ స్తోత్రంలోంచే వస్తుంది. లూకా సువార్త 18వ అధ్యాయంలో దేవాలయానికి వెళ్లిన పరిసయ్యుడి (ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించే యూదుడి) ప్రార్థన మళ్లీ ఒకసారి చదవండి. అతను దేవుణ్ణి ఏమీ అడగలేదు. మొదలుపెట్టిందే కృతజ్ఞతాస్తుతితో. దొంగల్లాగా, అన్యాయస్థుల్లాగా, ఇదిగో ఈ సుంకరిలాగా (పన్ను వసూలు చేసేవాడిలాగా) తాను లేనందుకు దేవునికి కృతజ్ఞత చెప్పాడు. వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతటిలో పదో వంతు అని లెక్క కూడా అప్పజెప్పాడు. ఆ లెక్క తప్పని యేసు ప్రభువు అనలేదు. అయినా నీతిమంతుడిగా తీర్చబడి ఇంటికి వెళ్లింది దూరంగా నిలబడి రొమ్ము కొట్టుకున్న సుంకరే.

పరిసయ్యుడు దేవునితో మాట్లాడుతూ పక్కవాడి వైపు చూశాడు. మన ఇళ్లలో ఈ మాట ఎంత మామూలుగా వస్తుందో గమనించండి: "మా పిల్లలు వాళ్ల పిల్లల్లా చెడిపోలేదు, దేవునికి స్తోత్రం." ఇందులోంచి పక్కింటివాళ్లను తీసేస్తే ఇంకేమీ మిగలదు. ఎవరితోనూ పోల్చకుండా, "మా అబ్బాయి చెడు స్నేహాల్లో పడబోతుంటే ఫలానా సమయంలో ఆపావు ప్రభువా" అని చెప్పగలిగితే అది వేరే ప్రార్థన. అందులో మన పిల్లాడు కూడా పడిపోయేవాడే అన్న ఒప్పుకోలు ఉంది. గర్వానికి అడ్డుపడేది ఆ ఒప్పుకోలే.

కష్టాల్లో ఉన్నప్పుడు బాగా ప్రార్థిస్తాం. అన్నీ బాగున్నప్పుడే ఎందుకు మర్చిపోతాం?

ఇది మోషే కాలం నుంచీ ఉన్న జబ్బు. ద్వితీయోపదేశకాండం 8వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు మోయాబు మైదానంలో ఉన్నారు, యొర్దాను దాటబోతున్నారు. అప్పటిదాకా 40 ఏళ్లు అరణ్యంలో దేవుడిచ్చిన మన్నా అనే ఆహారం తిన్నారు. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మర్నాటికి దాచుకుంటే పురుగులు పట్టేది. విశ్రాంతి దినం ముందు రోజు ఒక్కటే మినహాయింపు. అలాంటి బతుకులో "నాది" అనుకోవడానికి సందే లేదు. ఇప్పుడు వాళ్లు వెళ్లబోయేది గోధుమలు, యవలు, ద్రాక్షలు, ఒలీవ నూనె ఉన్న దేశానికి. అక్కడ మంచి ఇళ్లు కట్టుకుని, మందలు పెరిగి, వెండి బంగారాలు విస్తరించాక, ఇదంతా మా బాహుబలమే అనుకుంటారేమో అని మోషే ముందే హెచ్చరించాడు.

ఆ అధ్యాయం 10వ వచనాన్ని మనం పెద్దగా పట్టించుకోం. తిని తృప్తి పొందిన తర్వాత దేవుణ్ణి స్తుతించాలని అక్కడ ఉంది. యూదులు ఈ వచనాన్ని బట్టే ఇప్పటికీ భోజనం అయ్యాక వివరంగా కృతజ్ఞతా ప్రార్థన చేస్తారు. మనం తినే ముందు ప్రార్థన చేస్తాం. ఆకలి మీద కళ్లు మూసుకోవడం సులువే. కడుపు నిండి, చెయ్యి కడుక్కుని, సోఫాలో కూర్చుని ఫోన్ తీసే ఆ నిమిషంలో దేవుడు గుర్తురావడం కష్టం. ముందు చేసే ప్రార్థన మానొద్దు. తర్వాత కూడా రెండు మాటలు చెప్పడం అలవాటు చేసుకోండి. చిన్న పనే, కానీ మోషే భయపడిన చోట సరిగ్గా కాపలా పెట్టినట్టు అవుతుంది.

యూదా దేశపు రాజు హిజ్కియా సంగతి చూస్తే నాకు ఇంకా భయమేస్తుంది. మరణకరమైన రోగం వచ్చి, గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థిస్తే దేవుడు 15 సంవత్సరాల ఆయుష్షు పెంచాడు. బాగయ్యాక ఆయన రాసిన కృతజ్ఞతా గీతం యెషయా 38వ అధ్యాయంలో ఉంది. చాలా గొప్ప గీతం. వెంటనే 39వ అధ్యాయంలో, ఆయన బాగుపడ్డాడని విని బబులోను నుంచి మనుషులు వచ్చారు. వాళ్లకు వెండి, బంగారం, సుగంధద్రవ్యాలు, పరిమళ తైలం, ఆయుధశాల అన్నీ తిప్పి చూపించాడు. పరామర్శకు వచ్చినవాళ్లకు తనను బాగుచేసిన దేవుని గురించి చెప్పినట్టు ఆ అధ్యాయంలో ఒక్క మాట లేదు. 2 దినవృత్తాంతాలు 32:25 ఈ సంగతికి పేరు పెట్టింది: పొందిన మేలుకు తగినట్టు ప్రవర్తించకుండా మనసులో గర్వించాడు. పాట రాసిన మనిషే ఇలా చేశాడు. పోయినేడు ఒకసారి చెప్పిన కృతజ్ఞత ఈ ఏడు మనల్ని కాపాడదు.

కష్టపడింది నేను. అంతా దేవుడే చేశాడంటే నా శ్రమకు విలువ లేదా?

ఉంది. లేదని చెప్పడం దొంగ వినయం. పౌలు 1 కొరింథీయులు 15:10లో మిగతా అపొస్తలులందరికంటే తానే ఎక్కువ ప్రయాసపడ్డానని నేరుగా రాసుకున్నాడు. ఆ వెంటనే, అది తాను కాదనీ, తనకు తోడైయున్న దేవుని కృపే అనీ అన్నాడు. రెండు మాటలూ నిజమే. అదే పత్రిక 4:7లో "నీకు కలిగిన వాటిలో పరునివలన నీవు పొందనిది ఏది?" అని అడిగాడు. ఈ ప్రశ్నను ఊరికే చదివి వదిలేయకుండా మన జీవితంలో ఒక విషయం మీద పెట్టి చూడాలి.

ఉదాహరణకు ఉద్యోగం తీసుకోండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చదివింది మీరే. అలారం మోగినా లేవకపోతే భుజం తట్టి లేపింది ఎవరు? టీ పెట్టిచ్చింది ఎవరు? ఆఖరి సంవత్సరం ఫీజు కట్టే ముందు అమ్మ మెడలో ఉన్న గొలుసు ఆ తర్వాత ఎందుకు కనబడలేదు? ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి ఉంటే ఆ డబ్బు ఎవరి పన్నుల్లోంచి వచ్చింది? ఇంటర్లో ఇంటిగ్రేషన్ బుర్రకెక్కకపోతే క్లాసు అయ్యాక కూడా ఉండి చెప్పిన సారు ఎవరు? హైదరాబాదులో కోచింగ్ తీసుకున్నన్ని నెలలు తన గదిలో ఉండనిచ్చిన అన్న ఎవరు? పరీక్ష రోజు మీకు జ్వరం రాకుండా ఆపింది మీరేనా? ఇలా రాసుకుంటూ వెళ్తే మీ నాలుగు గంటల చదువు ఎక్కడికీ పోదు, జాబితాలోనే ఉంటుంది. దాని చుట్టూ ఎంతమంది నిలబడి ఉన్నారో మాత్రం కనబడుతుంది. లేచి చదవాలన్న పట్టుదల, చదివింది గుర్తుపెట్టుకున్న బుర్ర ఎక్కడివని అడిగితే అక్కడ నాకు జవాబు దేవుడే.

కృతజ్ఞత ఎలా చెప్పాలో బైబిలులో పద్ధతి ఏమైనా ఉందా?

ఉంది, చాలా అందమైన పద్ధతి. ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం. రైతు తన పొలంలో ప్రథమఫలాలు గంపలో పెట్టుకుని యాజకుడి దగ్గరికి తీసుకెళ్లాలి. యాజకుడు ఆ గంప తీసుకుని బలిపీఠం ముందు పెడతాడు. అప్పుడు రైతు నోరు తెరిచి కొన్ని మాటలు చెప్పాలి. నా పొలం ఇంత పండింది అని కాదు, "నా తండ్రి నశించుచున్న అరామీ దేశస్థుడు" అని మొదలుపెట్టాలి. కొద్దిమందితో ఐగుప్తుకు వెళ్లాం, పరాయివాళ్లుగా బతికాం, వాళ్లు మమ్మల్ని బాధపెట్టి వెట్టిచాకిరి చేయించారు, మొరపెడితే దేవుడు విన్నాడు, బయటికి తెచ్చాడు, ఈ నేల ఇచ్చాడు, ఇదిగో ఈ నేల పంట. ఎదురుగా నిండు గంప, నోట్లో దరిద్రపు రోజుల కథ. ఆ తర్వాత లేవీయుడితో, ఊళ్లో ఉన్న పరదేశితో కలిసి సంతోషించమని 11వ వచనం చెబుతుంది.

తెలుగు క్రైస్తవుల్లో ఎన్నో కుటుంబాలకు ఇలా చెప్పుకోవాల్సిన కథ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతంలో జనం ఆకలితో చచ్చిపోతున్నప్పుడు, బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు, ఊరి బయట ఉంచబడినవాళ్లు, బడి గడప తొక్కనివ్వబడనివాళ్లు. అలాంటివాళ్ల మనవలు, మునిమనవలు తర్వాత టీచర్లు, నర్సులు, ఆఫీసర్లు అయ్యారు. ఆ కథ చెప్పుకోవడానికి సిగ్గుపడి దాచేస్తే, వచ్చిన హోదా అంతా మన గొప్పే అన్నట్టు అవుతుంది. రెండు తరాల కిందట ఇంట్లో ఏం తిన్నారో, ఎవరి దయతో మొదటి పిల్లాడు బడికి వెళ్లాడో పెద్దవాళ్లు బతికుండగానే అడిగి తెలుసుకోండి. ఇల్లు ప్రతిష్ఠించుకున్న రోజు ఆ నాలుగు ముక్కలూ బంధువుల ముందు చెప్పండి. నా దృష్టిలో అంతకు మించిన కృతజ్ఞతా ప్రార్థన లేదు.

కృతజ్ఞత కూడిక పెట్టుకుంటున్నాం. అది గొప్పలు చెప్పుకోవడం అవుతుందా?

కూడిక మంచిదే. ఉద్యోగం వచ్చినా, వీసా వచ్చినా, ఆపరేషన్ అయి క్షేమంగా ఇంటికొచ్చినా నలుగురినీ పిలిచి దేవుణ్ణి స్తుతించడం మన సంఘాల్లో ఉన్న మంచి అలవాటు. తేడా వచ్చేది సాక్ష్యం దగ్గర. చాలా సాక్ష్యాల్లో జీతం ఎంతో, కంపెనీ పేరేంటో, ఫ్లాటు ఎన్ని చదరపు అడుగులో వివరంగా ఉంటుంది, చివర్లో "ఇదంతా దేవుని కృప" అని ఒక్క ముక్క అతికించినట్టు ఉంటుంది. దీన్ని తిరగేయండి. జీతం అంకె ఎవరికీ అక్కర్లేదు. ఏ రాత్రి ఆశ వదులుకున్నారో, ఎవరు మీకోసం ప్రార్థించారో, ఎవరు అప్పిచ్చారో చెప్పండి. అప్పిచ్చిన మామయ్య వెనక కుర్చీల్లో కూర్చుని ఉంటే ముందుకు పిలవండి.

ఇంకొకటి. అదే ఉద్యోగం కోసం ప్రయత్నించి రానివాళ్లు ఆ హాల్లో ఉంటారు. పిల్లల కోసం ఎన్నో ఏళ్లుగా ఎదురుచూస్తున్న దంపతులు బారసాల ప్రార్థనకు వస్తారు. "మేం విశ్వాసంతో అడిగాం కాబట్టి ఇచ్చాడు" అనేమాట వాళ్లకు ఎలా తగులుతుందో ఆలోచించండి. ఆ మాటలో పొగడ్త దేవునికి కాదు, మన విశ్వాసానికి.

కానుక ఇచ్చినవాళ్ల పేర్లు చదవడం, ఫ్యాను రెక్కల మీద పేర్లు రాయించడం తప్పా?

లెక్కలు పారదర్శకంగా ఉండాలంటే రసీదు, రిజిస్టరు ఉండాల్సిందే. అందులో తప్పు లేదు. ఫ్యాను రెక్క మీద పేరు మాత్రం రసీదు కాదు. అది ఆరాధనలో తలెత్తిన ప్రతివాడికీ మన పేరు చూపించడం. తొలగించమని గొడవ పెట్టుకోమనను, నా మటుకు రాయించుకోవద్దనే అంటాను.

బబులోను తవ్వకాల్లో అక్కడి రాజు నెబుకద్నెజరు పేరు అచ్చు వేసిన ఇటుకలు లెక్కలేనన్ని దొరికాయి, ఇప్పుడు ఎన్నో దేశాల మ్యూజియంలలో ఉన్నాయి. దానియేలు 4వ అధ్యాయంలో ఆ రాజే మేడ మీద తిరుగుతూ ఈ మహా పట్టణాన్ని నేనే కదా కట్టించింది అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే తీర్పు వచ్చింది. దావీదు పద్ధతి వేరు. 1 దినవృత్తాంతాలు 29లో దేవాలయం కోసం తన సొంత ధనంలోంచి 3,000 తలాంతుల (తలాంతు అంటే ఆ కాలపు పెద్ద తూకం) బంగారం, 7,000 తలాంతుల వెండి ఇచ్చాడు. అంత ఇచ్చి, "నేనెంత మాత్రపువాడను?" అన్నాడు. నీ చేతిలోంచి వచ్చినదే నీకిచ్చాం అన్నాడు. కోత పండుగ వేలంలో గుమ్మడికాయను వేల రూపాయలకు పాడేటప్పుడు ఈ ప్రార్థన గుర్తుంచుకుంటే చాలు. పంతానికి పాట పెంచుకుంటూ పోతే ఆ డబ్బు మందిరానికి చేరుతుంది గానీ, గుమ్మడికాయతో పాటు గర్వాన్ని కూడా ఇంటికి మోసుకెళ్తాం.

ఎవరైనా పొగిడితే ఏం అనాలి?

పాట బాగా పాడారనో, ప్రసంగం బాగుందనో అంటే "థ్యాంక్సండీ" అంటే సరిపోతుంది. "అబ్బే, నేనేం పాడానండీ" అని పదిసార్లు అనడం ఇంకో పది పొగడ్తలు అడగడమే. ఐగుప్తు రాజు ఫరో తన కల భావం చెప్పగలవట కదా అంటే యోసేపు, నావల్ల కాదు, దేవుడే జవాబిస్తాడు అని ఒక్క ముక్కలో తేల్చేసి పనిలో దిగాడు.

అపొస్తలుల కార్యాల్లో రెండు సంఘటనలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. 12వ అధ్యాయంలో హేరోదు రాజవస్త్రాలు వేసుకుని ప్రసంగిస్తే జనం ఇది దైవస్వరమని కేకలు వేశారు. అతను ఊరుకున్నాడు, దేవుణ్ణి మహిమపరచలేదు, పురుగులు పడి చచ్చాడు. 14వ అధ్యాయంలో లుస్త్రలో జనం పౌలు, బర్నబాలే దేవుళ్లని ఎడ్లను, పూలదండలను తెచ్చారు. వాళ్లిద్దరూ బట్టలు చింపుకుని గుంపులోకి పరుగెత్తి, మేమూ మీలాంటి మనుషులమే అన్నారు. ఆ వెంటనే చెప్పింది వానల గురించి, పంట కాలాల గురించి, తిండి గురించి, గుండె నిండే సంతోషం గురించి. ఇవన్నీ ఇచ్చేవాడు వేరే ఉన్నాడన్నారు. తమ మీదికి వచ్చిన పొగడ్తను అలా కృతజ్ఞత వైపు మళ్లించారు.

పిల్లలకు మంచి ర్యాంకు వచ్చింది. వాళ్లకు ఇది ఎలా నేర్పాలి?

ముందు మనం ఆగాలి. రిజల్ట్ వచ్చిన ఐదో నిమిషానికి ర్యాంకు కార్డు ఫ్యామిలీ గ్రూపుల్లో, స్టేటస్‌లో పెట్టేస్తాం. అదే వాళ్లకు మనం నేర్పే మొదటి పాఠం. అంతకంటే ముందు ఇంట్లో అందరూ కూర్చుని ఒక ప్రార్థన చేసుకోండి, సాయంత్రం పిల్లాణ్ణి వాళ్ల సార్ల దగ్గరికి తీసుకెళ్లండి. హాస్టల్లో వంట చేసి పెట్టిన అక్కకు కూడా చెప్పించండి.

"మేం నీకోసం ఎంత కష్టపడ్డామో తెలుసా" అని గుర్తుచేస్తూ ఉండటం మాత్రం కృతజ్ఞత నేర్పడం కాదు. అది అప్పు వసూలు. పిల్లలు తలొంచుకుంటారు, మనసులో కృతజ్ఞత పుట్టదు.

దుఃఖంలో ఉన్నప్పుడు కూడా స్తోత్రం చెప్పాలా?

ప్రతి విషయంలోనూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించమని 1 థెస్సలొనీకయులు 5:18 చెబుతుంది. దుఃఖంలో ఉన్నవాళ్లు ఆ మాట తమకు తాము చెప్పుకోవచ్చు. పక్కవాళ్లు శవం ఇంట్లో ఉండగా "స్తోత్రం చెప్పమ్మా" అనకూడదు. కీర్తనల్లో ఏడ్పులు, మొరలు చాలా ఉన్నాయి, దేవుడు వాటినీ విన్నాడు.

మా మందిరం చాలా పెద్దది, సంఘమూ పెద్దది. దాన్ని బట్టి సంతోషించడం గర్వమా?

సంతోషించండి. అది ఎలా వచ్చిందో కూడా చెప్పుకోండి. మెదక్ చర్చికి వెళ్లినవాళ్లు 175 అడుగుల గోపురం చూసి నోరు తెరుస్తారు. మిషనరీ పాస్నెట్ దొర ఆధ్వర్యంలో కట్టిన ఆ మందిరాన్ని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. దాని పనిలో రాళ్లు మోసింది కరువులో తిండి కోసం వచ్చిన జనం. ఏ మందిరం వెనకైనా ఇలాంటివాళ్లు ఉంటారు. మన సంఘం మొదలైన పాక ఎవరి ఇంటి ముందు వేశారో యౌవనస్థులకు తెలుసా? పక్క వీధిలోని చిన్న సంఘం పాస్టర్ గారి గురించి మనం ఎలా మాట్లాడుకుంటున్నాం? రెండో ప్రశ్నకు జవాబు ఇబ్బందిగా ఉంటే అక్కడ గర్వం ఉన్నట్టే.

రోజూ ఏం చేయాలి?

కుటుంబ ప్రార్థనలో "సమస్తమైన మేలుల కొరకు స్తోత్రం" అని కలిపి చుట్టేయకుండా, ఆ రోజు జరిగిన ఒక్క విషయాన్ని పేరు పెట్టి చెప్పండి. పిల్లల్ని కూడా చెప్పనివ్వండి. "బస్సు దొరికింది" అన్నా సరే. 136వ కీర్తన అలాగే ఉంటుంది. 26 వచనాల్లో ఒక్కొక్క పని చెప్పి ప్రతిసారీ "ఆయన కృప నిరంతరముండును" అంటుంది. సూర్యచంద్రులతో, ఎర్రసముద్రంతో పాటు చివర్లో రోజూ తినే తిండి కూడా అందులో ఉంది.

జీతం పడిన మెసేజ్ రాగానే, ఖర్చుల లెక్క మొదలుపెట్టకముందే ఒక నిమిషం ఆగండి. ఏడాదికోసారి, పుట్టినరోజునాడో డిసెంబరు 31 రాత్రి ఆరాధనకు వెళ్లేముందో, ఆ ఏడాది సాయం చేసినవాళ్ల పేర్లు కాగితం మీద రాసి ప్రార్థించండి, తర్వాత వాళ్లకు ఫోన్ చేయండి. దేవునికి స్తోత్రం చెప్పి మనిషికి థ్యాంక్స్ చెప్పని అలవాటు మనలో ఉంది. పౌలు రోమీయులకు రాసిన పత్రిక 16వ అధ్యాయంలో పేరుపేరునా ఎంతమందిని తలచుకున్నాడో చూడండి. ప్రిస్క, అకుల తన ప్రాణం కోసం తమ ప్రాణాలు ఒడ్డారన్నాడు. రూఫు తల్లి తనకూ తల్లే అన్నాడు.

గర్వం ఉందని ఎలా తెలుస్తుంది? తెలిశాక ఏం చేయాలి?

మన పక్కన కూర్చున్నవాళ్లకు మనకంటే పెద్ద మేలు జరిగినప్పుడు మనసులో ఏం కదులుతుందో చూసుకోండి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని, ఇంట్లో పనిచేసే అమ్మాయిని ఎలా పిలుస్తున్నామో చూసుకోండి. పాస్టర్ గారు మన తప్పు ఎత్తి చూపితే ఎన్ని రోజులు మాట్లాడకుండా ఉన్నామో చూసుకోండి. ఇంట్లోవాళ్లను అడిగితే ఇంకా తొందరగా తెలుస్తుంది.

తెలిశాక దేవుని దగ్గర ఆ విషయం పేరు పెట్టి ఒప్పుకోండి. హిజ్కియా గర్వించాడని రాసిన తర్వాతి వచనంలోనే, ఆయనా యెరూషలేము కాపురస్థులూ తమను తాము తగ్గించుకున్నారని, అందువల్ల దేవుని కోపం ఆయన దినాల్లో జనం మీదికి రాలేదని ఉంది. నెబుకద్నెజరు ఆకాశం వైపు కళ్లెత్తినప్పుడు బుద్ధి తిరిగి వచ్చింది, వెంటనే నోటి నుంచి వచ్చింది స్తుతి. ఇక మనం చిన్నబుచ్చిన మనిషి ఎవరైనా ఉంటే, తమ్ముడైనా, తోడికోడలైనా, ఆఫీసులో కింద పనిచేసేవాళ్లైనా, నేరుగా వెళ్లి "ఆ రోజు అలా మాట్లాడకుండా ఉండాల్సింది" అని చెప్పండి. దీనికి వచ్చే ఆదివారం దాకా ఆగక్కర్లేదు.